వెంట్రుకవాసి

స్లయిడు ఇటలీ నుంచి మార్చిల వచ్చింది.
బ్యారెల్ జర్మనీది. రెండు నెల్లు
దుబాయి కస్టమ్స్‌ల పండుకొని
ఎండలు ముదిరినంక లేచింది.
ట్రిగ్గరు ఒక దేశం, స్ప్రింగు ఇంకో దేశం,
స్క్రూలు అగ్గిపెట్టె అంత డబ్బాల.
ప్రతిదానికీ ఓ కాయితం, కాయితం మీద మొహరు,
మొహరు మీద ఇంకో మొహరు.

ఫుజైరాల కొండల ఎనుక షూటింగ్ క్లబ్బు.
రిపేరు గదిల ఉస్తాద్ గుల్ జమాన్, నేను లింబాద్రిని,
నడుమ ఒక బల్ల, బల్లకో వైసు,
ఏసీ నీళ్ళు కారే బకీటు.
ఉస్తాద్ తాత పెషావర్ అవతలి కొండల
వట్టి ఆకురాయితోని రైఫిల్ చేసిండట.
మా నాయిన నిర్మల్ కాడ కొలిమిల
కర్రులు సాపిండు, కొడవండ్లకు కక్కు కొట్టిండు.
ఇద్దరికీ చాయ్‌ల చక్కెర ఎక్కువ గావాలె.
మిగతా ముచ్చటంత ఇరిగిన హిందీల.

తుపాకి మైసా అనే అమ్మాయిది.
బ్యాంకుల కొలువు, శనివారం శనివారం ఇక్కడ.
దుకాన్ల దొరికేవన్నీ మగోళ్ళ అరచేతులకు కొలిచినయే అన్నదట.
అందుకే ముక్క ముక్క ఏరి తెప్పిచ్చుకున్నది,
విత్తనాల గింజలేరినట్టు.

స్లయిడు ఫ్రేము మీద కూసోలే మొదట.
ఇటలీ ఇనుముకు ఆస్ట్రియా ఇనుము సయించలే.
నూనె పెట్టి రుద్దమన్నడు ఉస్తాద్.
ముందుకు ఎనుకకు, ముందుకు ఎనుకకు.
నాయిన యాదికొచ్చిండు:
"ఇనుమును తొందరపెట్టకు బిడ్డా,
అది ఊఁ అనేదాక నువ్వు ఊపిరిడువకు."
పదకొండు దినాలు.
పన్నెండో నాడు జారింది.
తడి చేతిల సబ్బు లెక్క కాదు,
బాగా అలవాటైన తలుపు గడె లెక్క.

పిడి మాత్రం నాకిచ్చిండ్రు.
చేతి కొలత మైనం ముద్దల ఒత్తి పంపింది:
వేళ్ళ గుంటలు, ఉంగరం జాడ ఒకటి.
ఆ చేతిని నేనెన్నడు చూడలే,
కానీ చిటికెన వేలు కొంచెం వంకరని నాకెరుకే.
ముందుగాల పార్సిల్ పెట్టె చెక్కతోని నమూన చేసిన.
మెత్తగ లేస్తుంటే పొనికి చెక్క అనుకున్న,
చిన్నప్పుడు నకాషోళ్ళ వాకిట్ల ఏరుకున్న పొట్టు వాసన...
లేదు, ఆ వాసన రాలే. అబద్ధమెందుకు?
జిగురు వాసనొచ్చింది.
తర్వాత అసలుది, అక్రోటు చెక్క.

ఆగస్టు పద్నాలుగు, పొద్దుగూకినంక
ఆఖరి స్క్రూ బిగిచ్చిండు ఉస్తాద్.
టక్కుమన్నది.
అప్పటిదాక అవి స్పేర్ పార్టులు,
అటెన్క తుపాకి.
కెప్టెన్ సాబ్ వచ్చి రిజిస్టరుల నంబరు రాసి
నా దిక్కు చూసి, "ఖలాస్, జరుగు" అన్నడు.
లైసెన్సు లేని చెయ్యి తుపాకి ముట్టొద్దు.
న్యాయమే. జరిగిన.
నా వేలిముద్రలు తుడిచే గుడ్డ గూడ
నాతోనే తెప్పిచ్చిండ్రు.

శనివారం, గోడ బయట, జనరేటర్ నీడల కూసొని విన్న.
లోపల అన్నీ పేలుతున్నయి.
నడుమ ఒకటి వేరే రకం,
ఎండిన కట్టె ఇరిగినట్టు పొడి చప్పుడు.
ఉస్తాద్ నన్ను చూసిండు.
నేను చాయ్ గ్లాసును చూసిన.
ఐదు. ఆగి, ఇంకో ఐదు.

సోమవారం కబురొచ్చింది:
మంచిగుందట. చిటికెన వేలు కాడ
వెంట్రుకవాసి ఒత్తుతున్నదట.
తుపాకి బీరువాలనే ఉన్నది.
పిడి ఒక్కటి ఊడదీసి
రుమాల్ల చుట్టి తెచ్చిండు ఉస్తాద్.
చెక్కే గదా, ముట్టొచ్చు.
కిటికీ కాడికి పోయి తిప్పి తిప్పి చూసిన:
నూనె మెరుపు మీద చెమట మచ్చ,
మైనంల లేని గీత ఒకటి,
భయమైనప్పుడు గట్టిగ పడితే పడే గీత.
ఆకురాయి పక్కకు పెట్టి
సన్న సాండ్ పేపరు తీసిన.
ఒక్కసారి రాసి, ఊది,
నా చిటికెన వేలు ఆనిచ్చి చూసిన.
ఇంకొంచెం.